వర్షతొడుకు నాడు సైకిలెక్కితే

నేత్రను మొదటిసారి చూసిన రోజే నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను. ప్రేమలో పడడం ఆ తర్వాతి సంగతి. ముందు పడింది మాత్రం అచ్చంగా కాళ్ళ మీదే, సైకిల్‌తో సహా.

చిక్కబళ్ళాపురం బస్టాండు దగ్గర ఎర్రలైటు పడింది. నా సైకిల్ కొత్తది, బూట్లూ కొత్తవే. ఆ బూట్లు పెడళ్ళను కరుచుకుంటాయి, మడమ పక్కకు తిప్పితేగానీ ఊడవు. ఈ సంగతి అంగడివాడు చెప్పాడు, నేను తల కూడా ఊపాను. తీరా బ్రేకు వేసేసరికి తలకు తెలిసింది కాళ్ళకు అందలేదు. సైకిలూ నేనూ కలిసి, నరికిన అరటిచెట్టులా నిదానంగా ఎడమవైపుకు ఒరిగాం. ఆ ఎడమవైపున ఇంకో సైకిల్ పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

“ఏమప్పా, దండం పెట్టేదానికి ఇంత పొద్దున్నే వచ్చినావా?” అంది ఆమె, కిందికి చూస్తూ.

“క్లిప్పు ఊడలేదండీ.”

“మడమ బయటికి తిప్పు. ఆ, అట్ల. దెబ్బ తగిలిందా? నేను డాక్టర్నే.”

“అమ్మయ్య!”

“గొడ్ల డాక్టర్ని. ఇంజెక్షన్ వేస్తా గానీ, అది ఎద్దు డోసు ఉంటాది.”

అలా పరిచయమైంది. ఆమె బాగేపల్లిలో పశువుల ఆసుపత్రి డాక్టరు. నేను అమరేష్, కంప్యూటర్ ఇంజనీరు. అంటే పొద్దున కూర్చున్న కుర్చీలోంచి సాయంత్రం లేచేవాణ్ణి. ఆమె వేసవిలో జరిగే రెండు వందల కిలోమీటర్ల రైడ్‌కు ట్రైనింగ్ చేస్తోంది. తోడు ఎవరైనా ఉంటే బాగుండునని ఆమె అన్న మరుక్షణం, సైకిల్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణమని నా నోరు చెప్పేసింది. తొడలు ఇప్పటికీ ఆ నోటిని తిట్టుకుంటూనే ఉన్నాయి.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం తొక్కాం. నా పొట్ట తగ్గింది, ప్రేమ పెరిగింది. చెప్పడం మాత్రం కాలేదు. ఈలోపు ఉగాది వచ్చింది.

ఉగాదికి మా ఊరు కెంచార్లహళ్ళి వెళ్ళి, ఆ సాయంత్రమే సైకిల్ తీస్తుంటే మా అవ్వ లక్ష్మీనరసమ్మ గడపలో అడ్డంగా నిలబడింది.

“రేపు వర్షతొడుకు పెట్టుకోని యాడికి రా పోయేది?”

“పెద్ద రైడ్ ఉంది అవ్వా. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చాకవేలు చుట్టుకుని మధ్యాహ్నానికి మళ్ళీ ఇక్కడికే వస్తాం. అన్నం పెట్టు.”

“వస్తాం అంటే ఎవురెవురు?”

“నేనూ, ఒక ఫ్రెండూ.”

“మగా, ఆడా?”

“డాక్టరు.”

“నేను అడిగింది అది కాదు గదరా!” అని అవ్వ కాసేపు నా మొహం చూసింది. “సరే, పో. ఒక మాట మాత్రం గుర్తు పెట్టుకో. వర్షతొడుకు దినం ఏం జరిగితే ఏడాదంతా అదే జరుగుతాది. ఎవురితోనూ లేదనిపించుకోవద్దు. ఒగసారి లేదనిపించుకుంటే, మళ్ళ ఉగాది దాకా లేదు లేదనే వినాల.”

మా పక్క ఉగాది మరుసటి రోజును వర్షతొడుకు అంటారు. ఆ రోజు మాంసం తినాలి, నవ్వాలి, సాయంత్రం నెలవంకను చూసి పెద్దల కాళ్ళకు మొక్కాలి. నేను చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మను. కానీ కిందటేడు వర్షతొడుకు రోజు పన్ను నొప్పి వచ్చింది. ఏడాదంతా ఆ పన్ను పుణ్యమా అని డెంటిస్టు ఇంట్లో మనిషిలా అయిపోయాను. అందుకని నమ్మనుగానీ, జాగ్రత్తగా ఉంటాను.

తెల్లవారేసరికి చిక్కబళ్ళాపురంలో మటన్ అంగడి ముందు క్యూ ఉంది. ఆ క్యూ పక్కనుంచే మేం బయలుదేరాం. అందరి చేతుల్లో స్టీలు డబ్బాలు, మా చేతుల్లో హ్యాండిల్ బార్లు. “పండగ దినం ఏం ఖర్మ వీళ్ళకి” అని ఒకాయన జాలిపడ్డాడు.

కానీ ఊరు దాటాక నిజంగానే బాగుంది. కానుగ చెట్లకు లేత ఆకులు వచ్చాయి, ఎండ పడితే అవి తడిసినట్టు మెరుస్తున్నాయి. వేపపూత వాసన, మామిడి తోటల వాసన, అక్కడక్కడ మల్బరీ తోటలకు కట్టిన నీళ్ళ చల్లదనం. చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు నేత్ర, వెనక నేను. బతుకు ఇలాగే సాగిపోతే చాలనిపించింది. అంతలో గుట్ట ఎక్కుడు వచ్చింది.

ఎక్కుడు మొదట్లోనే ఆమె నా పక్కకు వచ్చింది. ఎక్కుడులో కూడా మామూలుగా మాట్లాడగల మనిషి ఆమె.

“మా నాయన ఒక సంబంధం చూసినాడు అమరేష్. బెంగళూరు వాళ్ళు. అబ్బాయికి ఫ్లాట్ ఉండాదంట, కారు ఉండాదంట.”

“సై...కిల్?”

“లేదంట. ఈ దినం చంద్రుని చూసినాంక వాళ్ళకి మాట ఇస్తానని మా నాయన చెప్పినాడు. మంచి మాట చంద్రుడు కనపడినాంకనే ఇయ్యాలంట. నువ్వేమంటావు?”

నా గుండె ఎక్కుడు వల్ల కొట్టుకుంటోందో, ఈ మాట వల్ల కొట్టుకుంటోందో తెలియలేదు. చెప్పెయ్, చెప్పెయ్ అంటోంది మనసు. అవ్వ గొంతు అడ్డుపడింది. ఇప్పుడు అడిగి, ఈమె లేదంటే? ఈ ఆదివారం లేదు, వచ్చే ఆదివారం లేదు, దసరాకు లేదు, దీపావళికి లేదు. ఏడాది పొడుగునా ఎక్కుళ్ళే.

“మంచి...దే... కదా” అన్నాను.

ఆమె గేరు మార్చింది. చూస్తుండగానే నాకు ఆమె వెనక చక్రం, ఆ తర్వాత హెల్మెట్, ఆ తర్వాత ఖాళీ రోడ్డు మిగిలాయి.

దిగుడులో అందుకుని సరిచేసుకుందామనుకున్నాను. దిగుడులో గాలి హోరు. “నేత్రా, నేను చెప్పింది అది కాదు!” అని అరిచాను. “ఏందీ? బ్రేక్ పట్టలేదా?” అని ఆమె అరిచింది. సైకిల్ మీద ప్రేమ చెప్పుకోవడంలో ఉన్న సుఖం ఇదే. ఎక్కేటప్పుడు ఊపిరి ఉండదు, దిగేటప్పుడు మాట వినబడదు.

బాగేపల్లిలో కాఫీకి ఆగాం. ఆమె గ్లాసు కింద పెట్టి, నా కళ్ళలోకి సూటిగా చూసింది.

“ఏమన్నా చెప్పాలనుకున్నావా?”

ఊపిరి ఉంది, గాలి లేదు. ఇక సాకు లేదు.

“అదీ... నీ వెనక టైర్లో గాలి కొంచెం తక్కువుంది.”

“అంతేనా?”

“ముందు దాంట్లో సరిపోయింది.”

ఆమె కాఫీ మిగిల్చి లేచింది. కాఫీ మిగిల్చే మనిషి కాదు నేత్ర. నాకు భయం పట్టుకుంది.

చాకవేలు దగ్గరకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. వసంతం మీద వ్యాసాలు రాసేవాళ్ళు ఒక్కసారి మధ్యాహ్నం ఈ రోడ్డు మీద సైకిల్ తొక్కాలి. రోడ్డు పక్క నీడలో మగవాళ్ళు పేకాటలో మునిగి ఉన్నారు, ప్రతి ఇంట్లోనూ మటన్ ఉడుకుతోంది. ఆ వాసన ఎదురుగాలి కంటే బలంగా వెనక్కి లాగుతోంది. అంతలో ఒక పెద్దాయన తువ్వాలు ఊపుతూ రోడ్డు మధ్యకు వచ్చాడు. నేత్రకు తెలిసిన రైతు, ఆదినారాయణప్ప.

“డాక్టరమ్మా! దేవుడు పంపించినట్ల వచ్చినావు తల్లీ. మా ఆవు తెల్లార్నుంచి ఈనలేక అల్లాడతాండాది.”

“ఈరోజు సెలవు కదా ఆమెకు” అన్నాను నేను.

“ఆవుకు రజా లేదు గదప్పా” అన్నాడాయన.

నేత్ర అప్పటికే సైకిల్ గోడకు ఆనించి కొట్టంలోకి నడుస్తోంది. మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, ఆవు వెనక మోకరించి, కళ్ళు మూసుకుని చేత్తోనే లోపల చూసింది.

“దూడ ముందు కాలు మడుచుకోనుండాది. సరిచేస్తా. అమరేష్, చెయ్యి కడుక్కోని రా. దూడ కాళ్ళకు తాడు కట్టి ఇస్తా, నేను చెప్పినప్పుడు లాగాల.”

“నేను కంప్యూటర్ ఇంజనీరు...”

“తాడు లాగేదానికి కంప్యూటర్ వద్దు. ఆవు ముక్కినప్పుడే లాగు. అది నిలిపితే నువ్వూ నిలుపు. బలం చూపించొద్దు.”

ఎంతసేపు లాగామో తెలియదు. ఆవు ముక్కింది, నేను లాగాను, ఆవు ఆగింది, నేను ఆగాను. చివరికి దూడ జారి నా ఒళ్ళోకే వచ్చింది. నా ఖరీదైన జెర్సీ ఇక జెర్సీ కాదు, ఉతికినా కాబోదు. నేత్ర దూడ ముక్కులు తుడిచి, గడ్డిపరకతో చక్కిలిగింత పెట్టింది. అది తుమ్మింది. నేత్ర పకపకా నవ్వింది. జుట్టులో గడ్డి, చెంపకు రక్తపు మరక, కళ్ళలో నీళ్ళు.

ఈ నవ్వు ఇంకెవరి ఇంట్లోనో, ఏ ఫ్లాట్‌లోనో వినబడితే నేను తట్టుకోలేనని ఆ క్షణంలో తెలిసిపోయింది.

“వర్షతొడుకు దినం దూడను లాగినా” అంది ఆమె. “ఇంక ఏడాదంతా నాకు ఇదే పని.”

“మరి నాకు?”

“నువ్వు తాడు పట్టుకో.”

అన్నం తినకుండా ఆదినారాయణప్ప వదల్లేదు. సంగటి ముద్ద, మటన్ పులుసు. రెండో ముద్ద అడగడానికి మొహమాటపడి నేను కంచం వైపు చూస్తుంటే ఆయన కనిపెట్టాడు.

“అడుగప్పా! అడగందే అమ్మయినా పెట్టదు.”

నేత్ర ఎముక పక్కన పెట్టి నా వైపు చూసింది. నేను రెండో ముద్ద అడిగాను. అది మాత్రమే అడిగాను.

మళ్ళీ రోడ్డెక్కేసరికి పొద్దు వాలిపోయింది. ఎదురుగాలి. మామూలుగా ఆమె ముందు తొక్కి, నన్ను తన వెనక చక్రానికి దగ్గరగా రానిచ్చి గాలి తగలకుండా కాపాడేది. ఈసారి వేగం పెంచి దూరమైపోయింది. గాలి మొత్తం నాకే వదిలేసింది. రెండు సంగటి ముద్దలు, ఎదురుగాలి, నోట్లోనే ఉండిపోయిన మాట. ఈ మూడూ మోసుకుంటూ నేను తొక్కాను.

దేవుడున్నాడు. ఆరోజు తుమ్మముల్లు రూపంలో వచ్చాడు. మా ఊరికి కొంచెం ఇవతల నేత్ర సైకిల్ తలకిందులుగా పెట్టి ఉంది.

“పంచర్. స్పేర్ ట్యూబ్ ఇయ్యి. నీ సంచిలోనే కదా పెట్టింది.”

నేను సంచి విప్పాను. లోపల అవ్వ కట్టిచ్చిన ఓళిగల పొట్లం ఉంది, బొబ్బట్లను మా పక్క అలాగే అంటాం.

“ట్యూబ్ యాడ?”

“రెండూ పట్టలేదు.”

“ట్యూబ్ తీసేసి ఓళిగలు పెట్టుకోనొచ్చినావా?”

“పండగ కదా.”

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. ఒక ఓళిగ లాక్కుని, కోపంగా నములుతూ సైకిల్ తోసుకుంటూ నడిచింది. నేనూ పక్కనే నడిచాను. ఊపిరి ఉంది, గాలి తగ్గింది, కాఫీ హోటల్లోలా చుట్టూ జనమూ లేరు. అయినా నోరు రాలేదు.

ఆమే ఆగింది.

“పొద్దున్నుంచి చూస్తాండాను. తేలు కుట్టిన దొంగ మాదిరి ఉండావు. ఏంది నీ కత?”

“మా అవ్వ చెప్పింది. ఈరోజు ఎవరితోనైనా లేదనిపించుకుంటే, ఏడాదంతా లేదనే వినాలంట.”

“ఊ.”

“అందుకని ఏమీ అడగట్లేదు.”

ఆమె మొదట నమ్మలేదు. తర్వాత సైకిల్ మీదికి వంగి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్ళేనా అని నాకు అనుమానం వచ్చింది.

“ఇంజనీరప్పా, లెక్క సగమే చేసినావు. పొద్దున్నుంచి నోరు మూసుకోనే ఉండావే. అది ఏడాదంతా జరగదా?”

నాకు మతి పోయింది. ఈ వైపు నుంచి నేను ఆలోచించనే లేదు. ఒక్క లేదుకు భయపడి ఏడాది మౌనం కొని తెచ్చుకున్నాను. ఎదురుగా పడమట పొద్దు మునుగుతోంది. వర్షతొడుకు ఇంకా కాసేపే ఉంది.

సరిగ్గా అప్పుడే హ్యాండిల్ బార్‌కు బిగించిన ఆమె ఫోను మోగింది. సైకిల్ ఒక చేత్తో, ఓళిగ ఇంకో చేత్తో పట్టుకుని ఉంది కాబట్టి, వేలి కొసతో స్పీకర్ నొక్కింది. వాళ్ళ నాన్న రామాంజినప్ప గొంతు.

“అమ్మణ్ణీ, ఈడ నంది కొండ పక్క అంతా మోడం కమ్ముకోనుండాది. చంద్రుడు కనపడేటట్ల లేదు. బెంగళూరు వాళ్ళు మాట కోసరం కాచుకోనుండారు. మీ పక్క ఏమన్నా కనపడినాడా?”

నేత్ర ఆకాశం వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“అమరేష్, చంద్రుడు కనపడినాడా?”

కనబడ్డాడు. మా ఊరి గుట్ట మీద, గోరుతో గీసినంత సన్నగా, ఎర్రటి ఆకాశంలో స్పష్టంగా ఉన్నాడు. కనబడలేదంటే ఈ పూట గండం గడుస్తుంది. కానీ ఈరోజు అబద్ధమాడితే ఏడాదంతా అబద్ధాలే. కనబడ్డాడంటే అటు మాట వెళ్ళిపోతుంది.

“కనబడ్డాడు” అన్నాను. “కానీ నువ్వు మీ నాన్నకు చెప్పే ముందు నా మాట విను. నాకు సైకిల్ అంటే ప్రాణమేమీ కాదు. ఎక్కుడు చూస్తే ఏడుపొస్తుంది. ఆదివారం పొద్దున లేవాలంటే చచ్చేంత బద్ధకం. అయినా నాలుగు నెలలుగా నీ వెనక చక్రం చూస్తూ తొక్కుతున్నాను. నువ్వంటే నాకు ఇష్టం నేత్రా. నువ్వు వేరే ఎవరినో చేసుకుంటే నేను ఉండలేను. లేదనాలనుకుంటే అను, ఏడాదంతా అను. నేను మాత్రం నోరు మూసుకుని ఉండను.”

ఫోనులోంచి దగ్గు వినబడింది.

“ఎవురమ్మా ఆ పిల్లోడు?”

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె ఫోను పెట్టెయ్యలేదు.

“నా ట్రైనింగ్ పార్ట్‌నర్ నాయనా.”

“ఏం ట్రైనింగో ఏమో! చంద్రుడు కనపడినాడా లేదా, అది చెప్పు ముందు.”

“కనపడినాడు. బాగా కనపడినాడు.” ఆమె నా మీంచి కళ్ళు తీయలేదు. “బెంగళూరు వాళ్ళకి వద్దని చెప్పు నాయనా.”

అవతల ఇంకో దగ్గు వినబడింది.

“వర్షతొడుకు దినం వద్దనే మాట నా నోటితో ఎట్ల చెప్పేదమ్మా? ఏడాదంతా ఆ మాటే చెప్పాల్సొస్తాది.”

“అయితే?”

“రేపు చెప్తా” అన్నాడు రామాంజినప్ప. “ఆ పిల్లోన్ని గూడా రేపు రమ్మను. మాట్లాడాల. సైకిల్ మీద వద్దు, బస్సులో రమ్మను. బాగా ఆయాసపడతాండాడు.”

ఊళ్ళోకి వెళ్ళేసరికి అందరూ మిద్దెల మీద ఉన్నారు. చంద్రుణ్ణి చూసి, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతున్నారు. మా అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. పేడ, రక్తం, దుమ్ము, ఓళిగ పొడి అంటుకున్న మమ్మల్ని పై నుంచి కింద దాకా చూసింది.

“మధ్యాహ్నానికి వస్తామంటిరి. కూర మూడుసార్లు కాగబెట్టినా. ఈమేనా నీ డాక్టరు?”

నేత్ర వంగి అవ్వ కాళ్ళకు మొక్కింది. నేనూ వంగాను. అంత దూరం తొక్కిన తొడలు అప్పుడే బిగుసుకున్నాయి. లేవలేకపోయాను. నిదానంగా ఎడమవైపుకు ఒరిగి, సరిగ్గా నేత్ర కాళ్ళ మీద పడ్డాను.

“వీడు కాళ్ళ మీద పడేది చూస్తే, అడిగినట్లే ఉండాది” అంది అవ్వ. “ఏమంటివమ్మా నువ్వు?”

“ఇంకా ఏమీ అనలేదవ్వా.”

“ఈ దినమే అనెయ్యి తల్లీ. మంచి మాటయితే ఏడాదంతా వింటాము.”

నేత్ర కిందకు చూసింది, బస్టాండు దగ్గర చూసినట్టే. కాకపోతే ఈసారి చెయ్యి అందించింది.

“ఊ” అంది. అంతే అంది. నాకు చాలు.

మరుసటి రోజు తెల్లవారకముందే ఫోను మోగింది. ఆదివారం కూడా కాదు.

“లెయ్ అమరేష్, చెప్పు.”

“ఏం చెప్పాలి?” అన్నాను నిద్రమత్తులో.

“నిన్న రోడ్డు మీద చెప్పింది. నిన్న ఏం జరిగితే ఏడాదంతా అదే కదా. దినామూ చెప్పాల.”

చెప్పాను. అన్నీ విని ఆమె “ఊ” అంది.